నాలుగు బొట్ల పురుగు చిరునామా

పెద్దమడుగు, జువ్వలదిన్నె దగ్గర
3 డిసెంబరు 2024

ఏమే ఏంజీ,

ముందే చెప్తున్నా, ఈ పార్సిల్ అన్నం తినేముందు విప్పకు. లోపల చిన్న గొట్టంలో దూది మధ్య ఒక పెంకుపురుగు పడుకుని ఉంది. బతికున్నప్పుడు పట్టుకుంటే ఏదో చిమ్మింది. రెండ్రోజులు సబ్బుతో రుద్దినా నా వేళ్లు కాలిన రబ్బరు చెప్పులా కంపు కొట్టాయి. హాస్టల్లో రెండేళ్లు నా సాక్సులతో ఒకే గదిలో బతికినదానివి, నీకిదొక లెక్క కాదనుకో.

ఫోన్ చెయ్యొచ్చు గదా అంటావు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే కాలువకట్ట ఎక్కి ఒంటికాలి మీద నిలబడాలి. ఆ పని కొంగలకు వదిలేశాను. పైగా మీ మ్యూజియంలో ఫోటో చూసి పేరు చెప్పరట, పురుగే రావాలట. అది ఎట్లాగూ పోస్టులో వస్తుంది గనక తోడుగా ఉత్తరం.

నా ఉద్యోగం సంగతి నీకు సరిగ్గా చెప్పనే లేదు. హరినాథ్ గారని నెల్లూరులో ఒక సంస్థ నడుపుతారు. వాళ్ల తరఫున ఆరునెలల కాంట్రాక్టు మీద నేనీ మడుగులో ఏ పురుగు ఎక్కడుంటుందో రాయాలి. రాసి రాసి చివరికి ఒక్క ముక్క తేల్చాలి: మడుగు చుట్టూ కంచె వేసి మనుషుల్ని ఆపాలా, అక్కర్లేదా. ఆ ముక్క మీద జిల్లా కమిటీ సంతకం పెడుతుంది.

మనుషులంటే ఎవరో కాదు, పదకొండు కుటుంబాలు. మడుగులో నిలువెత్తు పెరిగే జమ్ము కోసి అమ్ముకుంటారు. రొయ్యలగుంటల కాపలా గుడిసెలకూ, బీచ్ రిసార్టుల గొడుగులకూ పైకప్పు ఆ జమ్మే. వాళ్లందరికీ పెద్ద ఆదిశేషమ్మక్క. యాభై దాటింది. మొదటిరోజు నేను ప్లాస్టిక్ గ్లాసులు నేలలో అంచుదాకా పాతిపెడుతుంటే వచ్చి నా నెత్తిన నిలబడింది.

"మేయ్ పాపా, ఏంది నాటుతుండావు?"

"గ్లాసులక్కా. తిరిగే పురుగులు ఇందులో పడతాయి."

"ఎన్నాళ్లకి మొలుస్తాయి?"

వెనకాల ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు అయిపోయాక ఆమె మెల్లిగా అడిగింది: "కంచె ఏస్తారంట గదా. అందుకేనా నువ్వొచ్చింది?"

"ఇంకా ఏం తేలలేదక్కా."

"తేల్చేది నువ్వా, పురుగా?"

నేను సీసా ఎత్తి నీళ్లు తాగాను. దాహం కూడా లేదు.

సరే, పురుగు. నల్లటి వీపు మీద నాలుగు నారింజ చుక్కలు. ఇక్కడివాళ్లు నాలుగు బొట్ల పురుగంటారు. నా దగ్గరున్న పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఎట్లా దొరికిందనేది పెద్ద కథ, తర్వాత. లేబుల్ మటుకు నీకు నచ్చేట్టు పద్ధతిగా రాశాను, చూడు: "పెద్దమడుగు, బోగోలు మండలం. 29-11-2024. మడుగు నడుమ, కోత పడని దట్టమైన జమ్ము మొదట్లో. సేకరణ: వినీల."

పేరు కనుక్కోవే. అరుదైనదైతే నా కాంట్రాక్టు పొడిగిస్తారు. కాకపోతే ఏప్రిల్లో నేను గూడూరు వెళ్లి మా నాన్న నిమ్మకాయల కొట్లో పెద్దకాయ ఒకవైపు, చిన్నకాయ ఒకవైపు ఏరుకుంటూ కూచోవాలి.

నీ
వినీల


బెంగళూరు
14 డిసెంబరు 2024

వినీ,

ఉత్తరంలో ముందు క్షేమం అడగాలని, తర్వాతే పని చెప్పాలని మా అమ్మ సామ్రాజ్యం గారి ఆజ్ఞ. క్షేమమేనా? సరే, పని.

నీ పురుగు నన్ను మూడు రోజులు నిద్రపోనివ్వలేదు. మొదటిరోజు మామూలు రకమే అనుకున్నాను, చుక్కలు చూసి మోసపోకూడదని. చుక్కలు చాలా వాటికుంటాయి. రెండోరోజు మూతి దగ్గర ఆహారం తడుముకునే వేళ్లలాంటివి చూశాను. చివరి కణుపు గొడ్డలిలా వెడల్పుగా ఉంది! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్కటేబులు అతను తేలు కుట్టిందా అన్నాడు. మూడోరోజు స్టోర్‌లో అడుగు సొరుగులన్నీ లాగాను. ఒకదాంట్లో దీని తాతగారు ఉన్నారు. నూటపదేళ్ల కిందట ఎవరో దొర గుండుసూదికి గుచ్చిపెట్టిన పురుగు. అవే చుక్కలు, అదే మెడ, అదే గొడ్డలి. ఆయన లేబుల్ మీద ఉన్నవి రెండే మాటలు: నెల్లూరు తీరం.

అర్థమైందా? ఈ నూటపదేళ్లలో దీన్ని చూసినవాళ్లు మా రికార్డుల్లో లేరు. ఇది గడ్డిలో ఉంటుందా, ఇసుకలో ఉంటుందా, ఏం తింటుంది, ఏదీ తెలీదు. నీ లేబుల్లో ఆ "కోత పడని దట్టమైన జమ్ము మొదట్లో" అన్న వరుసే ఈ జీవి చిరునామా గురించి లోకంలో ఉన్న ఏకైక సమాచారం. మా సార్ దాన్ని రెండుసార్లు పైకి చదివారు.

వ్యాసం రాద్దామన్నారు. మొదటి పేరు నాది, రెండోది నీది. ఇంతవరకూ నేను అందరి వ్యాసాల్లోనూ చివర కృతజ్ఞతల పేరాలో, కాఫీ ఇచ్చినవాళ్ల పక్కన ఉండేదాన్ని. అమ్మకి ఫోన్ చేసి చెప్తే ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పింది, పురుగు పేరుతో సహా. పాస్టరుగారికి నోరు తిరగలేదట.

ఒక చిన్న అనుమానం. వెనక కాలి ముళ్లకు జమ్ముపీచు చిక్కుకుని ఉంది. దాని చివర ఏటవాలుగా, నున్నగా ఉంది. విరిగింది కాదు, తెగింది. కోత పడని చోట కొడవలి ఎవరిదే?

ఇంకో నాలుగైదు పంపు. ఆడా మగా రెండూ కావాలి.

ఏంజెలిన్


పెద్దమడుగు
9 జనవరి 2025

ఏంజీ,

గొప్పదానివైపోయావు. నీ వ్యాసం అచ్చయ్యాక నన్ను గుర్తుపడతావో లేదో.

ఇక్కడ గూడబాతులు దిగాయి. చూస్తే నవ్వాపుకోలేవు. పెళ్లికి ముందుగా వచ్చేసి ఏం చెయ్యాలో తోచక నిలబడ్డ పెదనాన్నల్లా, మూతి కింద సంచులు వేలాడేసుకుని, వరసగా, గంభీరంగా. ఒకటి చేపని మింగబోయి జారవిడిచింది. మిగతావి చూడనట్టు తలలు తిప్పుకున్నాయి. ఎంత మర్యాదస్తులో. నిన్నంతా వాటినే చూస్తూ కూచున్నాను.

నీ జవాబు చూపించగానే హరినాథ్ గారు పొంగిపోయారు. "అమ్మా వినీలా, ఈ ఒక్క పురుగు చాలు" అని అప్పటికప్పుడు కమిటీకి చీటీ రాశారు. అందులో నా లేబుల్ వరుస ఉంది, కింద గీత కొట్టి మరీ. అరుదైన జీవి కోత పడని జమ్ములోనే బతుకుతుంది గనక కోత పూర్తిగా ఆపాలి, కంచె వెయ్యాలి. మండలాఫీసులో ఫిబ్రవరి పద్దెనిమిదిన మీటింగు. అందాకా ఎవరూ కొడవలి పట్టకూడదు. మాఘంలో మొదలవ్వాల్సిన కోత. సిమెంటు స్తంభాలు ముందే వచ్చేశాయి, రెండు ట్రాక్టర్లు, కట్ట పక్కన దింపిపోయారు. మేకలు వాటిమీదెక్కి ఎండ కాగుతున్నాయి.

ఆదిశేషమ్మక్క నాతో మాట్లాడటం మానేసింది. మానేసిందంటే నోరు మూసుకుందని కాదు. నాకు వినపడేట్టు వేరేవాళ్లతో మాట్లాడుతుంది. "మనం కోస్తే పురుగు చస్తాదంట. మా అమ్మ కోసింది, మా అవ్వ కోసింది. పురుగుకి ఇన్నాళ్లూ తెలీలే పాపం, సచ్చిపోవాలని." నేను పక్కనే ఉన్నా. నా బూట్ల లేసు విప్పి మళ్లీ కట్టుకున్నా.

నువ్వడిగిన నాలుగైదు పురుగులు ఇంకా దొరకలేదు. మూడు వారాలుగా దట్టమైన జమ్ములో వెతుకుతున్నాను. నడుంలోతు నీళ్లు, నెత్తిమీద జమ్ము, మిట్టమధ్యాహ్నం కూడా మసక. నీళ్లపైకి తేలిన మట్టిగడ్డల్లో ఎనభై గ్లాసులు పెట్టాను. చీమలు, జెర్రి, ఒక కప్ప, ఆ కప్పని చూడ్డానికొచ్చిన ఇంకో కప్ప. నాలుగు బొట్లు మటుకు లేవు. చలికి లోపలికి పోయుంటాయిలే.

పీచు గురించా? ఏమో. గాలికి కొట్టుకొచ్చిందేమో.

నీ
వినీల


బెంగళూరు
17 జనవరి 2025

వినీలా,

క్షేమం తర్వాత అడుగుతాను.

ఎమ్మెస్సీ రెండో ఏడు నా స్లైడు పగలగొట్టిన రోజు నువ్వు గదిలోకొచ్చి గంటసేపు మైనాల కాపురం గురించి చెప్పావు, గుర్తుందా? నువ్వు దేన్నైనా దాచేటప్పుడు పిట్టల మీద పడతావు. ఈసారి గూడబాతులు ఒక పేరా నిండా ఉన్నాయి.

పీచు గాలికి కొట్టుకురాలేదు. మూడు ముళ్ల మధ్య మెలిపడి ఉంది, ఆ పురుగు దానిమీద నడిచింది. నిన్న మళ్లీ చూస్తే దవడ సందులో నత్తగుల్ల పొట్టు కూడా కనపడింది, మనం నేలమీద చూసే చిన్న నత్తలది. నడుంలోతు నీళ్లలో అదెట్లా తింది?

వ్యాసం సగం రాసేశాను. మొదటి వాక్యంలోనే నీ లేబుల్ ఉంది. ఇరవయ్యో తేదీకల్లా పంపమన్నారు సార్, నేను నెలాఖరుదాకా ఆపమన్నాను. ఎందుకని అడిగితే జలుబన్నాను. జీవితంలో మొదటిసారి సార్‌తో అబద్ధం ఆడాను. అది నీకోసం.

లేబుల్ లేని పురుగు చెత్త. తప్పుడు లేబుల్ ఉన్న పురుగు చెత్తకంటే హీనం, ఎందుకంటే జనం దాన్ని నమ్ముతారు. ఈ మాట మనిద్దరికీ ఒకే మేడం చెప్పింది.

ఆ పురుగు ఎక్కడ దొరికిందే?

ఏంజెలిన్


పెద్దమడుగు
27 జనవరి 2025

ఏంజీ,

ఈ ఉత్తరంలో పిట్టలు లేవు.

నవంబరు ఇరవైతొమ్మిదిన నేను మడుగులో దిగనే లేదు. ముందురోజు వానకి గ్లాసులన్నీ మునిగిపోయాయి. కట్ట మీద మొహం వేలాడేసుకుని కూచున్నా. ఆదిశేషమ్మక్క సద్దిగిన్నె మూత గట్టిగా అదిమిపట్టుకుని వచ్చింది.

"మేయ్ పాపా, గ్లాసులు మొలవలేదని ఏడవబాక. ఇదిగో, నీకోసరం పట్టినా. జాగర్త, కంపు కొడతాది."

"ఎక్కడ దొరికిందక్కా?"

"యాడేంది, కుప్పలో."

కుప్పంటే ఇది: జమ్ము కోశాక పైన తడితలలు పనికిరావు. వాటిని కొట్టేసి మడుగులో అక్కడక్కడా ఉన్న మట్టిదిబ్బల మీద పోగేస్తారు. నా కళ్లకి అది చెత్త. సాయంత్రం గదికొచ్చి లేబుల్ రాయబోతే "చోటు" అన్న దగ్గర పెన్ను ఆగింది. చెత్తకుప్ప అని రాయాలా? చదివిన పుస్తకాలన్నీ అరుదైన జీవి మనిషి కాలుపెట్టని చోటే ఉంటుందన్నాయి. కోసిన కట్టతోపాటు జమ్ములోంచి వచ్చి కుప్పలో పడుంటుంది, అసలు ఇల్లు అది కాదులే అనుకున్నాను. అందుకని ఉండాల్సిన చోటు రాశాను. దొరికిన చోటు రాయలేదు. రాసింది నిజం కంటే పద్ధతిగా కనపడింది కూడా.

సేకరణ దగ్గర నా పేరు ఎందుకు రాశానంటే, దానికి కారణమేం లేదు. రాయాలనిపించింది, రాశాను.

ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెట్టడానికి ఆమె తెచ్చిచ్చిన పురుగుతో ఆమె కొడవలే లాక్కున్నాను, ఏంజీ.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఆమె గుడిసెకి వెళ్లాను. చేపలు తోముతోంది. జరిగిందంతా చెప్పాను, చీటీ సంగతీ, గీత సంగతీ. ఆమె చెయ్యి ఆపలేదు. అన్నీ తోమి, కడిగి, నీళ్లు పారబోసి అప్పుడు అడిగింది.

"నేను కుప్పలో అంటే నీకు ఇనపడలేదా?"

"వినపడిందక్కా."

"ఇనపడే అట్ట రాసినావా?"

"ఊఁ."

"చదువుకున్నోళ్లకి చెవులు కూడా పుస్తకంలోనే ఉంటాయేమో. లెయ్యి, చూపిస్తా."

తూర్పువైపు తీసుకెళ్లింది. ఈ మడుగుని వాళ్లు సగంసగం కోస్తారట. పోయినేడు తూర్పు, ఈ ఏడు పడమర. ఎందుకని అడిగితే నన్ను జాలిగా చూసింది. "ఇల్లంతా ఒక్క దినమే ఊడ్చుకుంటే మళ్లీ నిండేదాకా యాడ కూచుంటాం?" తూర్పున జమ్ము మోకాలెత్తు లేతగా ఉంది, బురదమీద ఎండ పడుతోంది. దిబ్బమీది పోయినేటి కుప్పని ఆమె కొంగుతో ముక్కు మూసుకుని కర్రతో ఎత్తింది. కింద వెచ్చగా, తడిగా, చిన్న నత్తలు బియ్యం పోసినట్టు. వాటిమధ్య మన నాలుగు బొట్లు, గంభీరంగా భోంచేస్తూ. ఒక్క కుప్పలో తొమ్మిది.

ఐదు రోజులు లెక్కపెట్టాను. తూర్పున పన్నెండు కుప్పలు, ముప్పైనాలుగు పురుగులు. పడమర దట్టమైన జమ్ములో సున్నా. కుప్ప రెండేళ్లలో కుళ్లి మట్టయిపోతుంది. అప్పటికి పక్కసగంలో కొత్త కుప్పలు పడుంటాయి, ఇవి అటు మారతాయి. కంచె వేసి కోత ఆపితే రెండేళ్ల తర్వాత ఒక్క కుప్పా ఉండదు. నేను కాపాడిన పురుగు నా కంచె లోపలే పోతుంది. వాటితోపాటు పదకొండు పొయ్యిలు.

ఐదింటిని పంపుతున్నాను. లేబుళ్లు తిరగరాశాను. నీ వ్యాసం ఏమవుతుందో నాకు తెలుసు. క్షమించమని అడిగితే అదొక సౌకర్యం అవుతుంది నాకు. అందుకని అడగట్లేదు.

వినీల


బెంగళూరు
5 ఫిబ్రవరి 2025

వినీల గారికి,

మీరు పంపిన ఐదు నమూనాలూ అందాయి. మూడు ఆడ, రెండు మగ. మొదటి నమూనాతో సరిపోలాయి. కాళ్ల మీది జమ్ముపీచు అన్నిటికీ ఒకే తీరున తెగి ఉంది.

మొదటి లేబుల్ పొరపాటని మా సార్‌కు రాతపూర్వకంగా తెలియజేశాను. వ్యాసం ఆగిపోయింది. వచ్చే ఏడు జనవరి లెక్క కూడా చూశాకే మళ్లీ ఆలోచిస్తామన్నారు. మా నియమం ప్రకారం పాత లేబుల్ చింపకూడదు. దాని కిందే సవరణ లేబుల్ గుచ్చి ఉంచాలి. వందేళ్ల తర్వాత చూసేవారికి రెండూ కనపడతాయి.

మీటింగుకు ఉపయోగపడే విధంగా గుర్తింపు పత్రం జతచేస్తున్నాను. మూడో పేజీలో నత్తల పొట్టు, పీచు ఫోటోలు ఉన్నాయి. సంస్థ ముద్ర వేయించాను.

ఇట్లు
ఏంజెలిన్

తా.క. ఆ ముద్ర కోసం రెండంతస్తులు నాలుగుసార్లు ఎక్కిదిగాను, ముద్ర ఉన్న మనిషి టీకి పోయాడని ఒకసారి, టీ నుంచి రాలేదని మూడుసార్లు. మీరు, గారు అని రాయడానికి ఎంత ఓపిక కావాలో నీకు తెలీదే పిశాచీ. అమ్మ చర్చిలో మళ్లీ నిలబడి సాక్ష్యం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అది నువ్వు చూసుంటే నీకు శిక్ష సరిపోయేది. పద్దెనిమిదిన నోరు తెరిచి చెప్పు, బూట్ల లేసు కట్టుకుంటూ కూచోకు.


పెద్దమడుగు
24 ఫిబ్రవరి 2025

ఏంజీ,

తెరిచాను. విను.

మండలాఫీసు మీటింగు హాలు. కమిటీ వాళ్లు ఐదుగురు, మధ్యలో తెల్లచొక్కా ఆఫీసరు, పక్కన హరినాథ్ గారు. గోడవారగా జమ్ము కోసేవాళ్లు, ఎవరూ కుర్చీల్లో కూచోలేదు. హరినాథ్ గారు నా వరుస చదివారు, గీతతో సహా. నేను లేచాను. గొంతు మరీ గట్టిగా వచ్చింది. "ఆ వరుస తప్పు సార్. రాసింది నేనే. పురుగు పట్టింది నేను కాదు, అది దొరికింది అక్కడ కాదు."

హరినాథ్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కోపిష్టి మనిషి కాదాయన, అదే కష్టం. "వినీలా, స్తంభాలు వచ్చేశాయమ్మా" అన్నారు, ఏదో పెళ్లి భోజనాలు సిద్ధమైపోయాయన్నట్టు.

నీ కాగితాలిచ్చాను. లెక్కలు చెప్పాను. ఆఫీసరు తల గోక్కున్నాడు. "అరుదైన పురుగంటారు, చెత్తలో ఉంటుందంటారు. నాకైతే పొసగడం లేదు."

అప్పుడు ఆదిశేషమ్మక్క గోడవారనుంచి కదిలింది. చంకలో తట్ట, పైన గోనెపట్టా. నేను అది తన సద్ది అనుకున్నా.

"అయ్యా, పొసగకపోతే మీరే చూసుకోండి" అని తట్ట తీసుకెళ్లి వాళ్ల టేబులు ముందు గభాలున బోర్లించింది.

సగం కుప్ప! తడి జమ్ము, నత్తలు, బురద, దాంట్లోంచి ఆరేడు నాలుగు బొట్లు వెలుగుకి జడుసుకుని చీకటికోసం పరుగు. చీకటి ఎక్కడుంది? ఆఫీసరు కుర్చీ కింద. ఆయన కాళ్లు పైకెత్తాడు, ఎత్తుతూ ఒకదాన్ని చెప్పుతో నొక్కాడు. ఇంకేముంది. ఆ కంపు నీకు ఎండిపోయిన పురుగులో తెలీదే. ఐదుగురు కమిటీ సభ్యులు ఒకే తలుపులోంచి ఒకేసారి వెళ్లడం నేను కళ్లారా చూశాను.

మిగతా మీటింగంతా వరండాలో, నిలబడి, ముక్కు మూసుకుని జరిగింది. అందుకే పది నిమిషాల్లో తేలింది.

"ఎన్నేళ్లనుంచి కోస్తున్నారమ్మా?" అని ఆఫీసరు ముక్కులోంచి అడిగాడు.

"మా అవ్వ కాలం నించీ."

"ఈ పురుగులు అప్పుడూ ఉన్నాయా?"

"మా అవ్వే చెప్పింది ముట్టుకోబాకండని. ఎవురూ ఇనకుండా ఒకసారి ముట్టుకుంటారు. రెండోసారి ముట్టుకోరు. మీరూ ముట్టుకోరు గదయ్యా ఇంక?"

ఆయన నవ్వు ఆపుకోలేక ముక్కు వదిలేశాడు, వదిలి మళ్లీ పట్టుకున్నాడు. కంచె లేదు. కోత ఎప్పట్లాగే సగంసగం. కుప్పలు తగలబెట్టకూడదు, వచ్చే జనవరిలో మళ్లీ లెక్కపెట్టాలి. స్తంభాలు ఇంకెక్కడికో పోతాయట. మేకలకి మాత్రం నష్టమే.

నా కాంట్రాక్టు మార్చితో సరి. హరినాథ్ గారు జీపు దగ్గర చెప్పారు. "నువ్వు చేసింది మంచిపనేనమ్మా. కానీ తప్పు రాసిన మనిషిని మళ్లీ పెట్టుకుంటే రేపు మా కాగితం ఎవరు నమ్ముతారు?" ఆయన స్థానంలో నేనున్నా అదే అందును. జీపు వెళ్లేదాకా బాగానే ఉన్నా. తర్వాత కాసేపు బాగాలేను.

ఆ సాయంత్రం సవరణ లేబుళ్లు ఆదిశేషమ్మక్కకి చదివి వినిపించాను, ఆమె పేరుతో పురుగులు మ్యూజియంలో ఉంటాయని చెప్పి. "పెద్దమడుగు, తూర్పుసగం. పోయినేటి కోత కుప్ప కింద. సేకరణ: ఆదిశేషమ్మ, భర్త నరసయ్య." అన్ని ఆఫీసు కాగితాల్లోనూ అట్లాగే రాస్తారు గదా, నేనూ రాశాను. ఆమె మొహం చిట్లించింది.

"మా ఆయన పేరెందుకు?"

"పద్ధతి అక్కా."

"ఆయన ఎన్నడన్నా మడుగులో దిగినాడా? ఆ పురుగుని చూస్తే మంచమెక్కతాడు. కొట్టెయ్యి."

కొట్టెయ్యకూడదే, కొత్తవి రాయాలి. ఆరు లేబుళ్లు, గోరంత కాగితాలు, చీమ తలకాయంత అక్షరాలు, చిమ్నీ పక్కన పెట్టుకుని మళ్లీ రాశాను. నరసయ్య గుమ్మంలో బీడీ కాలుస్తూ, "ఒక్కదాంట్లోనన్నా ఉంచు పాపా" అని బతిమాలాడు. ఉంచలేదు. మొదటిదానికీ, తర్వాత పంపిన ఐదింటికీ కొత్తవి ఇందులో ఉన్నాయి, పాతవాటి కింద గుచ్చు.

నీ పేరు అచ్చులో చూడటం ఒక ఏడాది వెనక్కి పోయింది. దానికి బదులు నేనివ్వగలిగిందల్లా ఒక్కటి. నువ్వు వేల పురుగుల మూతులు చూశావు గానీ, ఒకటి నత్తని పట్టి తినడం ఎప్పుడన్నా చూశావా? గొడ్డలి ఎందుకో అప్పుడు తెలుస్తుంది. బిట్రగుంటలో దిగు, నేను బస్సులో తీసుకొస్తాను. మార్చి ముప్పైలోపు. ఆ తర్వాత నిమ్మకాయలు.

కోత ఇవాళే మొదలైంది. నేనూ దిగాను. గంటలో మూడు కట్టలు కోశాను, వాళ్లు ముప్పై. అరచేతి నిండా గీతలు పడ్డాయి, కాసేపు కూచుని ఉత్తరం రాసుకోమని నన్ను దిబ్బకి తరిమేశారు. పడమర సగంలోకి రెండేళ్ల తర్వాత మొదటిసారి వెలుగు దిగుతోంది. కొడవళ్ల చప్పుడు, మధ్యలో ఎవరో ఎవర్నో తిట్టడం, నవ్వులు. కొత్త తలల పోగు ఒకటి దిబ్బమీద అప్పుడే మోకాలెత్తు లేచింది. మెత్తగా, చల్లగా ఉంటే దానిమీదే కూచుని ఇదంతా రాస్తున్నా.

ఆదిశేషమ్మక్క నీళ్లలోంచి కేకేస్తోంది.

"మేయ్ పాపా! లెయ్యి, లెయ్యి! పురుగుకి ఇల్లు కడతాంటే నువ్వు పోయి కూచుంటే ఎట్ట?"

లేచాను.

నీ
వినీల